ఆవిడ పడవెక్కనన్న రోజులు

మా అపార్టుమెంటులో లిఫ్టు పాడై నాలుగు రోజులైంది. బాగుచేసే కుర్రాడు ఫోను చేసినప్పుడల్లా "దారిలో ఉన్నానండి" అంటాడు గాని, రాజమండ్రిలో అంత పొడుగు దారి ఎక్కడుందో నాకు తెలియదు. పాలపాకెట్టుకి దిగడం, ఎక్కడం, రెండో అంతస్తు మలుపులో రైలింగు పట్టుకుని ఆయాసం తీర్చుకోవడం, ఇదీ నా పని. నిన్న పొద్దున్న అలా నిలబడ్డచోటే మూడో అంతస్తు అమ్మాయి తన కుక్కతో పేచీ పడుతూ కనిపించింది. గోధుమరంగు కుక్క, మూతి చుట్టూ నెరిసిపోయింది. ఆ పిల్ల గొలుసు పట్టి లాగుతుంటే అది ముందుకాళ్ళు పై మెట్టు మీద పెట్టి, వెనకకాళ్ళు కిందే ఉంచి, మొహం గోడకేసి తిప్పుకుంది. "చూడండి అంకుల్, ఎంత లేజీ అయిపోయిందో! తిండికి మాత్రం ముందుంటుంది," అంది. బద్ధకం కాదమ్మా, నొప్పి అన్నాను. "నొప్పయితే ఏడుస్తుందిగా అంకుల్?" అంది. ఏడవదు. అదే కదా వచ్చిన చిక్కు. పొద్దున్నే పడక మీంచి ఎలా లేస్తుందో దగ్గర కూర్చుని చూడమన్నాను. రెండు వెనక తొడలూ చేత్తో తడిమి సమానంగా ఉన్నాయో లేదో చూసుకోమన్నాను. డాక్టరుకి చూపించేదాకా ఇంట్లో మనుషులు వేసుకునే నొప్పి మాత్ర ఒక్క ముక్క కూడా వెయ్యొద్దన్నాను. "మీరు వెట్ డాక్టరా అంకుల్?" అని కళ్ళు పెద్దవి చేసింది. కాదు, కాంపౌండర్ని అన్నాను. ఆ మాట ఆ పిల్ల ఎప్పుడూ విన్నట్టు లేదు.

డెబ్భైల చివరి మాట ఇది. పెద్దాపురంలో మాది తరాలుగా కొట్టు నడిపిన ఇల్లు. తాతగారు, నాన్నగారు, అన్నయ్య, అందరూ గల్లాపెట్టె ముందు పుట్టి అక్కడే పెరిగినట్టుండేవారు. నాకేమో చిన్నప్పట్నించీ గొడ్లంటే ఇష్టం. పశువుల కాంపౌండరు ట్రైనింగుకి వెళ్తానంటే ఇంట్లో మూడురోజులు పొయ్యి రాజెయ్యనంత పని చేశారు. "కొట్టు వదిలి పేడ ఎత్తుకున్నాడు" అని మా అన్నయ్య బేరానికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పేవాడు. నేను శలవుకి ఇంటికెళితే మా వదిన వీధి గుమ్మంలోనే బకెట్టు నీళ్ళు పెట్టి, స్నానం అయ్యేదాకా లోపలికి రానిచ్చేది కాదు. పెళ్ళి సంబంధాలు ఫినాయిలు వాసన దాకా వచ్చి వెనక్కి తిరిగేవి. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇవేవీ నాకు పట్టలేదు. అమ్మ పోయాక ఆ ఇంట్లో 'అన్నం తిన్నావా' అని అడిగే నోరు లేకుండా పోయింది. అప్పుడు నేనే అర్జీ పెట్టుకుని, ఎంత దూరమైనా సరే వెయ్యమన్నాను. ప్రభుత్వం ఆ ఒక్క విషయంలో నా మాట వెంటనే విన్నది.

నరసాపురం దాటి, గోదావరి సముద్రంలో కలిసే వైపు వెళితే ఒక మత్స్యకారుల ఊరు. ఊరి మొగలో రేకుల షెడ్డు, దాని ముందు గేదెల్ని కదలకుండా నిలబెట్టే కర్రల చట్రం, గోడ మీద గాలికుంటు వ్యాధి బొమ్మ. అదే ఆసుపత్రి. డాక్టరుగారు సోమ, గురువారాలు టౌన్నించి వచ్చేవారు. మిగతా రోజులు నేనే డాక్టర్ని, నేనే కాంపౌండర్ని, తలుపులు తీసి ఊడ్చుకునేదీ నేనే. లేసు అల్లుకుని బతికే ఒక పెద్దావిడ తన ఇంటి వెనకగది అద్దెకిచ్చింది. ఆవిణ్ణి పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడకీ ఎవరూ లేరు. పొద్దున్న కాఫీ గ్లాసు నా గుమ్మంలో పెట్టి గొంతు సవరించేది, అంతే, మళ్ళీ సాయంత్రం దాకా ఆ ఇంట్లో మాట వినపడేది కాదు. పనిదినాలు ఎలాగో గడిచేవి. ఆదివారం వస్తే మాత్రం నాకు భయం వేసేది. మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేచాక, ఇంకా మూడే అయిందే అని గడియారం వంక చూసి ఏడుపొచ్చిన రోజులు ఉన్నాయి. ముప్పై రెండేళ్ళవాణ్ణి, చెప్పుకుంటే సిగ్గుచేటు.

వినాయకచవితి వెళ్ళిన కొత్తల్లో ఒక పొద్దున్న షెడ్డు తలుపులు తీసేసరికి ఒక పెద్దాయన బయట నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఉప్పుగాలికి నల్లబడిన ఒళ్ళు, చేతిలో తువ్వాలు నలుపుతున్నాడు. "ఆవిడ పడవెక్కనంటన్నారండి. తొమ్మిది రోజులైందండి," అన్నాడు. ఆవిడంటే ఇంటావిడనుకుని, మనుషుల ఆసుపత్రి అవతల సెంటర్లో ఉంది బాబాయ్ అని చెయ్యి చూపించాను. ఆయన పక్కకి జరిగాడు. వెనకాల, నాలుగు బారల దూరంలో, ఒక ఎర్రకుక్క కూర్చుని ఉంది. బాగా ఒళ్ళు చేసిన ఆడకుక్క. పక్కకి ఒరిగి, ఒక వెనకకాలు బయటికి చాపుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది గాని ఆయన మొహం చూసి ఆపుకున్నాను. పశువుల ఆసుపత్రికి కుక్కని తీసుకురావడమే ఆ ఊళ్ళో వింత. దానికి 'అండి' పెట్టి మాట్లాడే మనిషిని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నా వైద్యం ఎలా ఉండేదంటే, నాకు తెలిసిందల్లా గేదెలూ, ఎడ్లూను. గిట్టల్లేని జంతువు నా చదువులో లేదు. పాదాల్లో ముల్లేమైనా ఉందా అని వెతికాను, లేదు. కడుపులో పాములేమో అని మందు పట్టించాను. మర్నాడూ పడవెక్కలేదు. కాలు బెణికి ఉంటుందని, ఎద్దుల భుజాలకి రాసే టర్పెంటైను తైలం వెనకకాళ్ళకి దట్టంగా పట్టించి పంపాను. ఎద్దు నాక్కోదు. కుక్క నాక్కుంటుంది. ఆ ఇంగితం నాకు లేకపోయింది. సాయంత్రానికి కక్కుకుని కక్కుకుని నీరసపడిందని కబురొచ్చింది. పరిగెత్తి వెళ్ళి, బిందెలకొద్దీ నీళ్ళతో కాళ్ళు కడిగి, అన్నపుగంజి పట్టించి, కళ్ళు తెరిచేదాకా అక్కడే కూర్చున్నాను. పెద్దాయన ఒక మూల చేతులు జోడించుకుని నిలబడ్డాడు, నాకు కాదు, ఆ కుక్కకి.

ఇంటికొచ్చి సిగ్గుతో ఈ సంగతి చెబితే, నాలుగు నెలల్లో మొదటిసారి పిన్నిగారు నాతో పది మాటలు మాట్లాడింది. ఆరేళ్ళ కిందట కూడా ఒక పొద్దున్న ఆ కుక్క పడవెక్కనందట. అంతకుముందైతే ప్రతిరోజూ అందరికంటే ముందు పడవలోకి దూకి కొసన నిలబడేదట. ఆ రోజు పెద్దాయనకి జ్వరం, కొడుకు ఒక్కడే వేటకి వెళ్ళాలి. కుక్క రావట్లేదేంటి నాన్నా అని ఆ అబ్బాయి కాసేపు తటపటాయిస్తే, "కుక్క చెబితే వేట మానేత్తావేంట్రా, ఎల్లు," అని గదిమింది పెద్దాయనే. సాయంత్రానికి గాలి లేచింది. పడవ తిరిగి రాలేదు, అబ్బాయీ రాలేదు. అప్పట్నించీ ఆ ఇంట్లో కుక్కది దేవుడి స్థానం. ఆవిడ ఎక్కితేనే ఆయన ఎక్కుతాడు. ఊరంతా భయంతో ఆవిడకి చేపతలలూ, అన్నం ముద్దలూ పెడతారు. పెట్టొద్దనే ధైర్యం ఎవరికీ లేదు. "ఇప్పుడు మళ్ళీ ఎక్కనందిగా. ఆయనకి ఈసారి తన వంతేమో అని ఉంది నాయనా," అంది పిన్నిగారు. ఇదంతా చెప్పి, నోరు జారానేమో అన్నట్టు చప్పున లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులాగి కుక్క కోలుకున్నాక, చూపించి పోదురుగాని రమ్మని పెద్దాయనకి కబురు పెట్టాను. ఇద్దరూ మా అరుగు దగ్గరికి వచ్చారు. ముసురు పట్టి ఉంది. కుక్క కాసేపు పడుకుంది. పిన్నిగారు స్తంభానికి ఆనుకుని లేసు అల్లుకుంటోంది. నేను పెద్దాయన్ని ఏదో అడుగుతున్నాను. ఇంతలో కుక్క లేవబోయింది. ముందుకాళ్ళు ఆన్చింది, వెనకభాగం లేవలేదు, రెండోసారి కుదుపుతో లేచింది, కర్రల మీద నడిచినట్టు నాలుగు అడుగులు వేసింది, గోళ్ళు నేలకి గీసుకున్నాయి. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి మామూలుగానే నడుస్తోంది. నేను ఇదంతా చూశాను గాని నాకేమీ తోచలేదు. పిన్నిగారు చేతిలో సూది ఆపి, "దానికి కీళ్ళు పట్టేశాయి నాయనా," అంది. "నా వేళ్ళూ అంతే. పొద్దున్నే సూది పట్టుకోలేను. పది గొలుసులు అల్లాక వదులవుతాయి. ముసురు పడితే మరీను." తన కుడిచెయ్యి చాపి చూపించింది. కణుపులు ఉబ్బి, చూపుడువేలు పక్కకి వంగిపోయి ఉంది. రోజూ ఆ చేత్తోనే నాకు కాఫీ పెట్టేది. నేను ఒక్కనాడూ చూడలేదు.

కుక్కని పట్టుకోమన్నాను పెద్దాయన్ని, కాళ్ళు తడిమి చూద్దామని. ఆయన బిక్కచచ్చిపోయాడు. "నేనాండీ? ఆవిణ్ణా?" అన్నాడు. ఆరేళ్ళుగా ఆయన ఆ కుక్కని ముట్టుకోలేదు. అన్నం పెట్టి దూరంగా జరిగి నిలబడేవాడు. ఊళ్ళో ఇంకెవరూ కూడా ముట్టుకోలేదు. తల నిమిరే చెయ్యి లేదు, అరిచి తిట్టే నోరు లేదు, ఇంత తిండి మాత్రం ఉంది. అంతమంది మధ్యా అంత ఒంటరిగా బతికిన జీవాన్ని నేను చూడలేదు. చివరికి నేనే పట్టుకుని చూశాను. ఎడమ తొడ కుడిదానిలో సగమే ఉంది. మోకాలు లావెక్కి గట్టిపడి, మడిస్తే లోపల కిర్రుమంది. కుక్క తల తిప్పి నా చెయ్యి నోట పట్టుకుంది, కరవలేదు. ఒక్కసారి ఎవరైనా ముట్టుకుని ఉంటే ఈ తొడ సన్నబడటం ఎప్పుడో తెలిసేది కదా బాబాయ్ అని కసిరాను. కసరకుండా ఉండాల్సింది, ఆ కాళ్ళకి తైలం రాసిన నా చేతులకే అది తెలియలేదు.

గురువారం డాక్టరుగారు వచ్చి చూసి, పిన్నిగారి మాటే ఖాయం చేశారు. పాతదెబ్బ మీద వచ్చిన అరుగుదల, నయం కాదు గాని నొప్పి తగ్గించొచ్చు అన్నారు. ముందు ఒళ్ళు తగ్గించాలి, తడినేల మీద పడుకోనివ్వకూడదు, కాపడం పెట్టాలి, రోజూ కొద్దికొద్దిగా నడిపించాలి, దూకనివ్వకూడదు. చెప్పడానికి ఐదు ముక్కలే. తిండి తగ్గించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఊరి ఆడవాళ్ళతో తగువులాడాను. "మీకేం బాబూ, పెట్టకపోతే మా మగోళ్ళకేమైనా అయితే?" అని ఒకావిడ నిలదీసింది. తిండి తగ్గినా మీ మగవాళ్ళని ఆవిడే చూసుకుంటుందిలెండి అనేశాను, అబద్ధమే. పెద్దాయన పాత పడవ చెక్కలతో ఎత్తు తక్కువ పీట చేసి, గోనెలో ఎండుగడ్డి కూరి పరిచాడు. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టడం పిన్నిగారు నేర్పింది. మొదటిరోజు ఆయన మూట వేడి ముందు తన చెంపకి ఆన్చుకుని చూసుకున్నాడు. తర్వాత ఆ మోకాలి మీద పెట్టాడు. కుక్క కళ్ళు మూసుకుని పెద్దగా నిట్టూర్చింది. ఆయన నా వంక చూసి, "ఎచ్చగా ఉందండి బాబూ ఆవిడ ఒళ్ళు," అన్నాడు, అదేదో కొత్త సంగతి అయినట్టు.

అప్పట్నించీ రోజూ పొద్దున్నే మా అరుగు మీద ముగ్గురం పోగయ్యేవాళ్ళం. ఆయన కాపడం పెట్టేవాడు, పిన్నిగారు తన వేళ్ళకీ అదే ఉప్పుమూట అడిగి తీసుకునేది, నేను కాఫీ తాగేవాణ్ణి. మాటలు పెద్దగా ఉండేవి కావు. అయినా ఆదివారం అంటే నాకు భయం పోయింది. సాయంత్రాలు ఆయన కుక్కని రేవు పక్క మోకాలిలోతు నీళ్ళలో నడిపించేవాడు. నీళ్ళలో బరువు తెలియదు గనక దానికి హాయిగా ఉండేది. రెండు నెలలకి నడుం కనిపించింది. రేవులో పడవకి ఒక వెడల్పు చెక్క వాల్చి, కాలు జారకుండా దాని మీద కొబ్బరితాడు అడ్డంగా చుట్టి మేకులు కొట్టాం. ఒక తెల్లవారుజామున ఆవిడ ఆ చెక్క వాసన చూసి, ఒక్కో అడుగూ వేసుకుంటూ ఎక్కి, కొసన నిలబడింది. రేవులో ఉన్న వాళ్ళంతా ఒక్కసారి అరిచారు. పెద్దాయన వేటకెళ్ళాడు. నేను షెడ్డు తలుపులు తీసి, ఎవరూ లేకుండా చూసుకుని, తనివితీరా ఏడ్చాను.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది నా గొప్ప చెప్పుకునే కథ అయ్యేది. ధనుర్మాసం వచ్చింది. మంచు విపరీతంగా కురిసిన ఒక పొద్దున్న పెద్దాయన మళ్ళీ మా అరుగు ముందు నిలబడ్డాడు, కుక్కని చేతులతో ఎత్తుకుని. "చెక్క దాకా వచ్చి ఆగిపోయిందండి. ఎల్లమంటారా, ఒద్దంటారా?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన కుక్కని అడగడం మానేసి నన్ను అడుగుతున్నాడని నాకు అప్పుడు తట్టలేదు. మోకాలు పట్టి చూశాను, వేడిగా ఉంది, బిగుసుకుంది. చలికి పట్టేసింది బాబాయ్, ఈవిడ ఇంట్లో ఉంటుంది, మీరు వెళ్ళండి అన్నాను. ఆయన కదల్లేదు. ధైర్యం చెబుదామని, "ఇది పాతదెబ్బని డాక్టరుగారే చెప్పారు కదా, ఐదారేళ్ళ నాటిది," అన్నాను.

ఆయన కుక్కని మెల్లగా గోనె మీద దించాడు. "ఐదారేళ్ళాండీ?" అన్నాడు. దాని కాలు ఒకసారి నిమిరి, ఆ తర్వాత చెప్పాడు. కొడుకు పోయిన ముందురోజు పడవని ఒడ్డుకి లాగుతుంటే, కింద దొర్లే దుంగ ఒకటి జారి కుక్క కాలి మీద పడిందట. కుయ్యోమని అరిచి ఇంటికి పరిగెత్తిందట. అబ్బాయీ ఆయనా నవ్వుకున్నారట. మర్నాటి గొడవలో ఆ సంగతే మర్చిపోయాడట. "అయితే ఆ రోజు కూడా కాలేనాండీ? ఆవిడకేం తెలీదాండీ?" అని అడిగాడు. పిన్నిగారు నా వంక చూసింది. చేత్తో తడిమి ఒక దెబ్బ వయసు రోజులతో సహా చెప్పగలవాడు లోకంలో లేడు. నేనసలే కాంపౌండర్ని. అయినా ఆ మనిషి ఆరేళ్ళుగా మోస్తున్న బరువు నా ఒక్క మాటతో దిగిపోతుందనిపించింది. "కాలే బాబాయ్. ఒట్టు. కుక్కకేం తెలుస్తుంది? మీ తప్పేం లేదు," అన్నాను. ఆయన తలూపి, తువ్వాలు తలకి చుట్టుకుని, ఒక్కడే రేవు వైపు వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని గోడ మీద చీటీ అంటించి వచ్చి, అరుగు మీద కుక్క పక్కనే కూర్చున్నాను. సైన్సు చదివినవాణ్ణి. కుక్కకేం తెలుస్తుందని ఒట్టేసి చెప్పినవాణ్ణి. అది చెవి కదిపితే నా ప్రాణం పోయింది. సముద్రం వైపు తల తిప్పితే లేచి నిలబడ్డాను. మధ్యాహ్నం గాలి కాస్త లేస్తే పిన్నిగారు అల్లిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది, నేను అన్నం ముట్టలేదు. కుక్క మాత్రం గురకపెట్టి నిద్రపోయింది. పొద్దు వాలుతుండగా వీధి మొగలో తడి తువ్వాలుతో పెద్దాయన కనిపించాడు. చేతిలో చేపల గుత్తి. నేను ఎదురెళ్ళి, సిగ్గు విడిచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

ఆయన నవ్వలేదు. అరుగు మీద కూర్చుని కుక్క మోకాలు మీద చెయ్యి వేశాడు. "రోజంతా నీళ్ళ మీద అదే ఆలోచించానండి. ఆవిడకి తెలీదు. ఆవిడ చెప్పలేదు. నేను వినకపోవడమూ లేదు. అంతేగాండీ?" అన్నాడు. అంతే బాబాయ్ అన్నాను సంతోషంగా. "మరైతే ఆడెందుకు పోయాడండి బాబూ?" అన్నాడు.

 ఆరేళ్ళుగా ఆయనకి ఒక కారణమంటూ ఉండేది, ఆ కారణం తనే అయినా సరే. దాన్ని నేను పొద్దున్న కాఫీ తాగినంత సేపట్లో తీసేశాను. బదులుగా ఇవ్వడానికి నా షెడ్డులో ఏ సీసాలోనూ ఏమీ లేదు. పిన్నిగారు ఉప్పుమూట వేడి చేసి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన మామూలుగా చెంపకి ఆన్చి చూసుకుని, ఆ మోకాలి మీద పెట్టాడు. ముగ్గురిలో ఎవరమూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ కుక్క ఇంకో రెండు చలికాలాలు బతికింది. ఆ మూడో వేసవిలో నాకు రామచంద్రపురం బదిలీ అయింది. అప్పుడు ఆయన వయసుకి నేను చేరుకుంటే ఏదో ఒకటి తడుతుందిలే అనుకునేవాణ్ణి. ఆ వయసు వచ్చింది, దాటిపోయి పన్నెండేళ్ళు కూడా అయింది, ఆయన అడిగింది ఇంకా అక్కడే ఉంది.